మామయ్య కొట్టు, గోల్డ్‌స్పాట్ సీసాలు

మా మేనమామ పెద్దకర్మ ముగిసి, వచ్చిన బంధువులంతా ఒక్కొక్కరే బయలుదేరుతున్న సమయంలో అత్తయ్య కొట్టు తాళంచెవులు నా చేతికిచ్చి, లోపల పనికివచ్చేవి ఏమైనా ఉంటే తీసి పక్కన పెట్టమనీ, మిగిలినవి పాతసామాన్లవాడికి వేసేయమనీ చెప్పింది. ఊళ్లో సినిమా హాలు మూతపడిన తర్వాత ఆ కొట్టును మామయ్య పేరుకు మాత్రమే తెరిచేవాడు. తలుపు చెక్కలు తీయగానే తడిసి ఆరిన కొయ్య, తుప్పుపట్టిన రేకు మూతలు, ఎన్నో వేసవుల పాటు గచ్చు మీద ఒలికి ఎండిపోయిన తియ్యని పానీయాలు, అన్నీ కలిసిన ఒక వాసన గుప్పున తగిలింది. బల్ల కింద ఒక చెక్క కేసు, అందులో దుమ్ముపట్టిన ఖాళీ సీసాలు ఉన్నాయి. రెండు మూడింటి మీద ‘గోల్డ్‌స్పాట్’ అన్న అక్షరాలు సగం చెరిగిపోయి కనిపించాయి.

ఆ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. మా ఇంట్లోనే కాలేజీలో చదువుతున్న పిల్లవాడికి చూపిస్తే అది ఏదో రంగుల కంపెనీ అనుకున్నాడు. కానీ ఒక తరం పాటు మన ఊళ్లలో కూల్‌డ్రింక్ అంటే చాలామందికి, ముఖ్యంగా పిల్లలకూ ఆడవాళ్లకూ, మొదట మనసులో మెదిలింది ఆ నారింజ రంగు సీసాయే.

*

మామయ్య కొట్టు సినిమా హాలు గేటు పక్కనే ఉండేది. వేసవి సెలవుల్లో నన్ను అక్కడికి పంపడం మా అమ్మకు అలవాటు. ఇంట్లో అల్లరి తగ్గుతుందని ఆమె లెక్క, చిల్లరకు ఒక నమ్మకమైన చెయ్యి దొరుకుతుందని మామయ్య లెక్క. పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ నుంచి రిక్షాలో గోనెసంచులు చుట్టిన ఐసు దిమ్మ వచ్చేది. దాని మీది రంపపుపొట్టు కడిగి, మేకులాంటి ఇనుప చువ్వతో పగలగొట్టి, లోపల రేకు వేసిన చెక్కపెట్టెలో పరిచి, సీసాలను మెడల వరకు పూడ్చేవాళ్లం. ఈ పనిలో మామయ్యకు గట్టి నియమాలుండేవి. ఎండలో వచ్చిన కేసును వెంటనే ఐసులో దించకూడదు, కాసేపు నీడలో ఉంచి, నీళ్లు చిలకరించి, ఆ తర్వాతే దించాలి. వేడి గాజు మీద చల్లదనం ఒక్కసారిగా పడితే సీసా అడుగు నుంచి చీలిపోతుందని ఆయన అనుభవంతో నేర్చుకున్నాడు. చల్లబడని సీసా మూత తీస్తే సగం నురగై బయటకు పోతుందనీ, నీరు ఎంత చల్లగా ఉంటే గ్యాసును అంతగా పట్టి ఉంచుతుందనీ ఆయన నాకు చెప్పిన మాటనే, తర్వాత చాలాకాలానికి సైన్సు పాఠంలో మరికొంచెం కష్టమైన భాషలో చదువుకున్నాను.

ఇంటర్వెల్ గంట మోగడానికి ముందే ఇద్దరు కుర్రాళ్లు సీసాలను తీగ బుట్టల్లో సర్దుకుని హాలు తలుపుల దగ్గర నిలబడేవారు. దీపాలు వెలగగానే లోపలికి చొరబడి, చేతిలోని ఓపెనర్‌ను వరుసగా సీసాల మీద గీస్తూ ‘గిర్ర్’మని చప్పుడు చేసేవారు. వాళ్లు పేరు పెట్టి కేకవేయాల్సిన పనే ఉండేది కాదు. నేల టికెట్టువాళ్లు సాధారణంగా గోలీసోడాతో సరిపెట్టుకునేవారు, బెంచీలవాళ్లు ఆలోచించేవారు, బాల్కనీలో పిల్లలున్న కుటుంబం కనిపిస్తే మాత్రం కుర్రాళ్ల నడక దానంతట అదే అటు తిరిగేది. మూత ఊడిన చప్పుడు, వెంటనే సన్నని బుస, మైనపు కాగితపు స్ట్రా నురగలో పైకి తేలి పక్కకు వాలిపోవడం, దాన్ని వేలితో నొక్కి పట్టుకోవడం, ఇవన్నీ తాగడంలో భాగమే. సినిమా మళ్లీ మొదలైన తర్వాత చీకట్లో కాళ్ల కింద ఖాళీ సీసాలు దొర్లుతూ చేసే చప్పుడుకు కోప్పడేవాళ్లు ఉండేవారు గానీ, మామయ్యకు కోపం వచ్చే కారణం వేరు. పగిలిన ప్రతి సీసా విలువా ఆయన డిపాజిట్టులోంచి పోయేది.

*

కూల్‌డ్రింకుల్లో కూడా ఒక మర్యాద క్రమం ఉండేదని ఆ కొట్లో కూర్చున్నప్పుడే గ్రహించాను. కడుపుబ్బరంతో వచ్చిన పెద్దాయన గోలీసోడానే అడిగేవాడు. పందెం కాసుకున్న కుర్రాళ్లు నల్లరంగు కోలా అడిగేవారు. ఎండన పడి వచ్చినవాళ్లకు నిమ్మరుచి లిమ్కా నచ్చేది. ఇంటికి కొత్త అల్లుడు వచ్చినా, పెళ్లిచూపులవాళ్లు వచ్చినా, పట్నం నుంచి ఆడపడుచు పిల్లలతో దిగినా, పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్లవాడి నోట వినిపించే పేరు మాత్రం గోల్డ్‌స్పాట్. కోలా ఘాటు అందరికీ పడదు, పైగా దాని నలుపు మా అమ్మమ్మ వంటివారికి కషాయాన్ని గుర్తుకు తెచ్చేది. నారింజ రంగు చూస్తే పండు గుర్తుకు వచ్చేది, పండు అనగానే అనుమానం పోయేది. ఉపవాసం ఉన్న రోజున కాఫీ కూడా ముట్టని ఒక ముసలమ్మ, ఇది పళ్లరసమే కదా అని నిస్సంకోచంగా తాగడం నాకు బాగా గుర్తు. ఆమె నమ్మకాన్ని చెడగొట్టే ప్రయత్నం మామయ్య ఎన్నడూ చేయలేదు.

ఇంటికి తీసుకుపోయిన సీసాలు తిరిగి రావాలి. అందుకే వాటిని పట్టుకుపోయిన పిల్లవాడు వాళ్ల గుమ్మం బయటే నిలబడి, అతిథి ఎప్పుడు తాగి ముగిస్తాడా అని ఎదురుచూసేవాడు. అతిథులు అడుగున కొంచెం మిగల్చడం మర్యాదగా ఉండేది, ఆ కొంచెం కోసమే ఆ ఎదురుచూపు. పెళ్లిళ్లలోనైతే మగపెళ్లివారి విడిదిలో గంగాళం నిండా ఐసు వేసి, కేసులకు కేసులు దించేవారు. విడిదికి చల్లని సీసాలు సమయానికి అందకపోవడం వల్ల మొదలైన అలకలు, తర్వాత పప్పులో ఉప్పు మీదికీ కట్నపు బట్టల మీదికీ పాకిన సందర్భాలను అత్తయ్య ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలదు. తూర్పుగోదావరి నుంచి వచ్చే బంధువులు మాత్రం మా సీసాలను కొంచెం చిన్నచూపు చూసేవారు. రామచంద్రపురంలో 1919లోనే మొదలైన ఆర్టోస్ వాళ్లకు సొంత ఊరి గర్వం, దాని ద్రాక్షరుచి ముందు ఈ నారింజ ఎంత అని వాదించేవారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు.

*

గోల్డ్‌స్పాట్ పార్లే వారిది. 1929లో మోహన్‌లాల్ దయాళ్ చౌహాన్ బొంబాయి శివారులోని విలే పార్లేలో మిఠాయిల తయారీతో మొదలుపెట్టిన సంస్థ అది. పదేళ్లకు బిస్కట్లలోకి, స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికి శీతల పానీయాలలోకి విస్తరించింది. గోల్డ్‌స్పాట్ 1950ల తొలి సంవత్సరాలలో మార్కెట్లోకి వచ్చింది. అంటే థమ్సప్ కంటే రెండు దశాబ్దాలకు పైగా పెద్దది. చాలామంది థమ్సప్‌ను అన్నగా, గోల్డ్‌స్పాట్‌ను దాని వెంట వచ్చిన చెల్లెలుగా ఊహించుకుంటారు గానీ, ఆ ఇంట్లో పెద్దబిడ్డ ఈ నారింజ సీసాయే.

నేను చిన్నవాణ్ణిగా ఉన్నప్పుడు మామయ్య కొట్లో కోకాకోలా, దాని వెంట ఫాంటా కూడా ఉండేవి. ఒకనాడు ఆ రెండూ రావడం ఆగిపోయాయి. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం ఇక్కడి వ్యాపారంలో విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలనీ, సాంకేతిక రహస్యాన్ని భారతీయ సంస్థకు అప్పగించాలనీ జనతా ప్రభుత్వం పట్టుబట్టడం, అప్పటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ మెట్టు దిగకపోవడం, తన సూత్రాన్ని బయటపెట్టడం ఇష్టంలేని కోకాకోలా 1977లో దేశం వదిలిపోవడం, ఇవన్నీ మాకు పత్రికల ద్వారా కొంత, సరుకు లారీ డ్రైవరు కబుర్ల ద్వారా ఎక్కువగా తెలిశాయి. ఆ లోటును పూరించడానికి ప్రభుత్వమే ‘డబుల్ సెవెన్’ అనే కోలాను మోడరన్ బేకరీస్ చేత తయారు చేయించింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ దాని సూత్రాన్ని రూపొందించింది. అది నిలవలేదు. మామయ్య దృష్టిలో ప్రభుత్వం బియ్యం అమ్మవచ్చు, కిరసనాయిలు అమ్మవచ్చు గానీ, ఇంటర్వెల్లో సరదా అమ్మడం దానికి చేతకాదు.

ఆ రోజుల గురించి రాసేవారు సాధారణంగా కోలాల పోరు గురించే రాస్తారు. థమ్సప్ పుట్టింది, కాంపాకోలా పుట్టింది, ఎవరిది పైచేయి అయింది అన్నదే కథ. కొట్టు లోపల నుంచి చూసిన నాకు అంతకంటే పెద్ద మార్పు నారింజ వైపు కనిపించింది. ఫాంటా వెళ్లిపోయిన తర్వాత గోల్డ్‌స్పాట్‌కు ఎదురు నిలిచేది చాలా ఊళ్లలో లేకపోయింది. కాంపా వారి ఆరెంజ్ ఉత్తరాదిలో బాగా నడిచిందంటారు, మా వైపు లారీలలో మాత్రం అది అరుదుగా కనిపించేది. అలా ఒక దేశీ పానీయానికి ఒక దశాబ్దానికి పైగా మైదానం దాదాపు ఖాళీగా దొరికింది. దాని రుచిని మా తరం ‘నారింజ రుచి’గానే నేర్చుకుంది. చెట్టు నుంచి వచ్చిన కమలాపండు పుల్లగా ఉంటే, ఇది గోల్డ్‌స్పాట్‌లా లేదని మా చెల్లెలు పక్కన పెట్టేసేది.

*

అందులో పండు లేదన్న సంగతి నాకు మామయ్య చెప్పలేదు, సరుకు లారీతో వచ్చే ఒక ముసలి మెకానిక్ చెప్పాడు. ఆయన అంతకుముందు సీసాలు నింపే ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. చక్కెర పాకం వడగట్టడం, కంపెనీ పంపే చిక్కటి సారాన్ని అందులో కలపడం, శుద్ధి చేసిన నీటిని చల్లబరచి ఒత్తిడితో బొగ్గుపులుసు వాయువును ఎక్కించడం, కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో పాత సీసాలను కడగడం, దీపపు వెలుతురు ముందు ఒక్కొక్క సీసానూ నిలబెట్టి లోపల పురుగో పుల్లో ఉందేమో చూసే మనుషుల కళ్లు మధ్యాహ్నానికి ఎర్రబడిపోవడం, ఇవన్నీ ఆయన నోటనే విన్నాను. నారింజ సువాసన పండులోంచి కాదు, తొక్కలోని నూనెలోంచి వస్తుందని ఆయన ఒక కమలాతొక్కను అగ్గిపుల్ల మంట దగ్గర నలిపి, చిటపటమని రవ్వలు లేవడం చూపించి నిరూపించాడు. ఆ నూనెలో నూటికి తొంభై పాళ్లకు పైగా లిమొనీన్ అనే పదార్థమే ఉంటుందని తర్వాత చదివి తెలుసుకున్నాను.

నూనె నీటిలో కలవదు, నీటికంటే తేలిక కనుక పైకి తేలుతుంది. ఊరికే కలిపి సీసాలో పోస్తే కొద్దిరోజులకే మెడ దగ్గర ఒక నూనె వలయం కట్టి, కింద రంగునీళ్లు మిగులుతాయి. అలా కాకుండా పానీయమంతా ఒకే విధంగా, పండ్ల రసంలా కొంచెం మసకగా కనిపించాలంటే, ఆ నూనె బిందువులను బరువెక్కించాలి. దానికోసం చాలా దేశాల్లో బ్రోమిన్ కలిపిన వనస్పతి నూనెను వాడేవారు. అది ఆరోగ్యానికి మంచిది కాదన్న వివాదం 1980ల చివరలో ఇక్కడ పత్రికలకెక్కింది, 1990 నుంచి మన దేశంలో శీతల పానీయాలలో దాని వాడకాన్ని నిషేధించారు. ఆ తర్వాత ఎస్టర్ గమ్ వంటి ఇతర పదార్థాలతో అదే పని సాధించారు. ఆ వార్తలు వచ్చిన వేసవిలో కొట్టు దగ్గర నిలబడి సీసాను వెలుతురులో తిప్పి తిప్పి చూసేవాళ్లు పెరిగారు, అమ్మకాలు కొన్నాళ్లు తగ్గాయి, ఎండలు ముదిరాక మళ్లీ మామూలే. మన జనం భయం ఎంతవరకు నిలుస్తుందో చెప్పడానికి రోహిణికార్తెను మించిన కొలత లేదని మామయ్య అనేవాడు.

ఇది తెలిసిన తర్వాత ఆ పానీయం మీద నాకు గౌరవం తగ్గలేదు, నిజానికి కొంత పెరిగింది. పండు లేకుండా పండును స్ఫురింపజేయడం చిన్న విద్య కాదు. రంగు, తొక్క వాసన, పులుపు, తీపి, నాలుక మీద గ్యాసు చురుకు, ఈ ఐదింటిలో ఏ ఒక్కటి ఎక్కువైనా అది మందులా తయారవుతుంది. మా ఊళ్లోనే ఒకాయన సొంతంగా నారింజ సోడా తయారుచేసి గోలీసీసాల్లో పోసి అమ్మాడు. రంగు అచ్చం అదే, ఒక గుక్క తాగితే నోరంతా దగ్గుమందు.

*

మూతలది ఇంకో ప్రపంచం. లోపలి బిళ్లను జాగ్రత్తగా ఊడదీసి, చొక్కా లోపలి నుంచి దాన్ని మళ్లీ మూతలోకి నొక్కితే మూత పతకంలా అతుక్కునేది. రోకలిబండతో చదును చేసి, రెండు చిల్లులు పొడిచి, దారం ఎక్కించి లాగితే బుర్రుమని తిరిగేది. ఎనభైలలో ఒక వేసవి, గోల్డ్‌స్పాట్ మూతల లోపల అడవి కథలోని జంతువుల బొమ్మలు వచ్చాయి. ఆ బొమ్మలను పోగుచేసి వరుస పూర్తిచేయాలన్న పిచ్చి పిల్లలందరికీ పట్టింది. అప్పటివరకు చెత్తలోకి పోయిన మూతలకు ఒక్కసారిగా మార్కెట్టు ఏర్పడింది, నా దగ్గర స్నేహం వెతుక్కుంటూ వచ్చినవాళ్లూ ఎక్కువయ్యారు. మూతల డబ్బా నా ఆధీనంలో ఉండేది మరి. ఎలుగుబంటి కావాలంటే రెండు కోతులివ్వాలి. ఆ లెక్కల్లో నేను చూపిన పట్టుదల చదువులో చూపి ఉంటే బాగుండేదని మా నాన్నగారు మామయ్య ముందే అన్నారు.

టీవీ వచ్చాక ప్రకటనలు ఇళ్లలోకే వచ్చాయి. ‘ది జింగ్ థింగ్’ అంటూ పాడి గంతులేసే యువతీయువకులను చూసి, గోల్డ్‌స్పాట్ తాగేవాళ్లందరూ బొంబాయిలో అలాగే ఉంటారని నమ్మేవాళ్లం. మా కొట్టు ముందు దాన్ని తాగేవాళ్లు మాత్రం పైటచెంగుతో సీసా మూతి తుడుచుకుని, పిల్లవాడికి సగమిచ్చి, మిగిలిన సగం తాము తాగే తల్లులు. ప్రకటన తీసినవాళ్లకు తమ అసలు కొనుగోలుదారు ఎవరో తెలియదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తెలిసినా చూపించదలచుకోలేదేమో.

*

డిగ్రీ అయిన తర్వాత ఉద్యోగం దొరికేలోగా కొంతకాలం జిల్లా కేంద్రంలో ఒక కూల్‌డ్రింకుల స్టాకిస్టు దగ్గర లెక్కలు రాశాను. ఆ వ్యాపారంలో పానీయం లెక్క సులువు, గాజు లెక్కే కష్టం. నిండు కేసుకు ఇరవైనాలుగు సీసాలు, వెళ్లిన ప్రతి కేసుకూ ఖాళీ కేసు తిరిగి రావాలి, రానివాటికి డిపాజిట్టు పట్టుకోవాలి, మూతి విరిగినవి వేరు, వేరే కంపెనీ సీసా కలిసి వచ్చినవి వేరు. ఊరూరా తిరిగి వచ్చిన లారీ మీద సీసాల గలగల వినే, ఎంత శాతం పగిలిందో చెప్పగలిగిన గుమాస్తా ఒకాయన ఉండేవాడు.

పార్లే సొంతంగా నడిపినది కొన్ని ఫ్యాక్టరీలే, చాలాచోట్ల సీసాలు నింపేది ఫ్రాంచైజీ తీసుకున్న వేరే యజమానులు. సారం కంపెనీది, గాజూ యంత్రాలూ లారీలూ వాళ్లవి. 1990లో పెప్సీ ‘లెహర్ పెప్సీ’ పేరుతో వచ్చినప్పటి నుంచి ఆ యజమానులు ఎటు మొగ్గుతారన్నదే మా గోడౌనులో రోజువారీ చర్చ. కోకాకోలా 1993లో ఆగ్రాలో మళ్లీ అడుగుపెట్టింది. ఆ సంవత్సరమే పార్లే అధిపతి రమేశ్ చౌహాన్ తన బ్రాండ్లను, అంటే థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, సిట్రా, మాజాలను దానికి అమ్మేశారు. దేశంలో సగానికి పైగా మార్కెట్టు చేతిలో ఉన్నవాడు ఎందుకు అమ్మాడని పత్రికలు ఆశ్చర్యపోయాయి గానీ, సారం మాత్రమే తనదై, సీసాలు పరుల చేతిలో ఉన్న వ్యాపారం బలం ఎంతో మా గుమాస్తాకు ముందే తెలుసు.

తరువాత జరిగినది నాటకీయమేమీ కాదు. కొన్న సంస్థకు సొంత కోలా ఉన్నా థమ్సప్‌ను జనం వదలలేదు, అది నిలిచింది. లిమ్కాకు, మాజాకు సరిసమానమైనది కొత్త యజమాని దగ్గర వెంటనే లేదు, అవీ నిలిచాయి. నారింజ రంగులో మాత్రం ఆ ఇంట్లో ముందే ఒక బిడ్డ ఉంది. ఫాంటా పుట్టుక కూడా చిత్రమైనదే. 1940లో యుద్ధం వల్ల జర్మనీలోని కోకాకోలా శాఖకు సారం అందక, జున్ను తయారీలో మిగిలిన విరుగుడు నీళ్లు, యాపిల్ పిప్పి వంటి వాటితో తయారుచేసుకున్న పానీయమది. ఇప్పుడు మనమెరిగిన నారింజ ఫాంటా 1955లో ఇటలీలోని నేపుల్స్‌లో వచ్చింది. కష్టకాలంలో పుట్టిన ఆ పానీయం 1977లో మా కొట్టు నుంచి వెళ్లిపోయి, గోల్డ్‌స్పాట్‌కు చోటిచ్చింది. పదహారేళ్ల తర్వాత తిరిగివచ్చి, ఆ చోటును వెనక్కు తీసుకుంది. జనం వద్దనడం వల్ల గోల్డ్‌స్పాట్ పోలేదు. లారీలో రెండు కేసులు తగ్గాయి, తర్వాత నాలుగు తగ్గాయి, ‘ఈసారి ఫాంటా తీసుకోండి’ అన్నారు, శతాబ్దం మారేనాటికి అది కనిపించకుండా పోయింది.

మామయ్య దాని గురించి విలపించలేదు. ఆయన వ్యాపారస్థుడు. గోల్డ్‌స్పాట్ ఇవ్వమని వచ్చినవాళ్లకు మారుమాట్లాడకుండా ఫాంటా మూత తీసి ఇచ్చేవాడు, వాళ్లూ తాగి డబ్బులిచ్చి పోయేవారు. చాలా ఏళ్ల తర్వాత కూడా మా ఊరి పెద్దవాళ్ల నోట ఆ పాత పేరే వచ్చేది, ప్లాస్టిక్ సీసాలు వచ్చాక కూడా. సీసా తిరిగి ఇవ్వనక్కరలేని రోజు వచ్చినప్పుడే కొట్టు అవసరం సగం తీరిపోయిందని మాత్రం ఒకసారి అన్నాడు. అంతకుముందు తాగినంతసేపూ మనిషి కొట్టు ముందు నిలబడాల్సిందే, నిలబడితే మాట కలుస్తుంది, మాట కలిస్తే ఇంకేదైనా కొంటాడు. చేత్తో పట్టుకుని పోయేవాడితో ఏ బేరమూ సాగదు.

2023లో రిలయన్స్ వారు కాంపాను మళ్లీ మార్కెట్లోకి తెచ్చినప్పుడు, కోలా, నిమ్మ రుచులతో పాటు ఆరెంజ్ కూడా వచ్చింది. ఒక సీసా కొని అత్తయ్యకూ మామయ్యకూ చెరో గ్లాసులో పోసి ఇచ్చాను. మామయ్య గ్లాసును కిటికీ వైపు పట్టి చూసి, మసక బాగానే ఉందని తాగాడు. అత్తయ్య ఒక గుక్క మింగి, కొంగుతో మూతి తుడుచుకుని, “తీపి ఎక్కువైంది నాయనా, అయినా దీన్ని ఐసులో పెట్టకుండా ఎవరు ఇమ్మన్నారు నిన్ను?” అంది. గ్లాసు మాత్రం ఖాళీ చేసే ఇచ్చింది.